పుట్టించినవాడి బాకీ

శామీర్‌పేట చెరువు దాటి కరీంనగర్ రోడ్డు మీద ముందుకు పోతే తుర్కపల్లి వస్తుంది. ఆ చుట్టుపక్కల పరుచుకున్నదే జీనోమ్ వ్యాలీ. 1999 ప్రాంతంలో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ ప్రాంతంలో ఇవాళ టీకాలు తయారుచేసే కంపెనీలు, మందులు పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. కరోనా కాలంలో కోట్ల మంది వేయించుకున్న కోవాగ్జిన్ తయారైంది ఇక్కడే. ఐసీఎంఆర్ అని మనం పిలిచే భారత వైద్య పరిశోధన మండలి, ప్రయోగాలకు కావలసిన జంతువుల కోసం ఒక జాతీయ కేంద్రాన్ని కూడా ఇక్కడే కట్టింది. చుట్టూ ఊళ్లున్నాయి, తండాలున్నాయి. మన పిల్లలు పదో తరగతో ఇంటరో అయ్యాక ఈ గేట్లలోకి పనికి పోతున్నారు. కొందరు ప్యాకింగ్‌కు, కొందరు సెక్యూరిటీకి, కొందరు జంతువుల గదులకు.

ఈ వ్యాసం ఆ జంతువుల గదుల గురించి, అందులోనూ ఎలుకల గురించి. ప్రయోగాల కోసం ఎలుకలను పెంచాలంటే వాటికి ఎలాంటి ఇల్లు ఉండాలి? వినడానికి ఇది పశువైద్యులు చూసుకోవలసిన సంగతిలా ఉంటుంది. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న నిలబడి ఉంది. చివరికి చంపడానికే పెంచే ప్రాణికి మంచి ఇల్లు కట్టడం అంటే ఏమిటి? అది దయా, అవసరమా, బాకీనా? మేము గోదావరి ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చి మేడ్చల్ వైపు పిల్లలకు పాఠాలు చెప్పే ఆదివాసీ ఉపాధ్యాయులం. ఈ ప్రశ్న మా తరగతి గదుల్లోకి కూడా వచ్చింది కాబట్టి రాస్తున్నాం.

ముందు ఎలుక తన ఇల్లు తాను ఎలా కట్టుకుంటుందో చూద్దాం. దీనికి పుస్తకం అక్కర్లేదు, పొలం గట్టు తవ్విన వాళ్లందరికీ తెలుసు. పైకి కలుగు నోరు ఒకటే కనిపిస్తుంది గానీ లోపల దారులు చీలిపోతాయి. ఒక అర గింజలకు, ఒక అర పిల్లలకు. పిల్లల అరలో గడ్డి, ఎండుటాకులు కొరికి మెత్తగా పరుచుకుంటుంది. ఇంకో పక్క పలుచటి మట్టిపొర మాత్రం మిగిల్చి, పారిపోయే దారి పెట్టుకుంటుంది. ఇటు నుంచి పొగ పెడితే అటు నుంచి దూకేస్తుంది. చీకటి, వెచ్చదనం, తోడు, కొరకడానికి ఏదో ఒకటి, ఆపద వస్తే తప్పించుకునే దారి. ఎలుకకు ఇల్లంటే ఇవి.

ల్యాబులో ఉండే తెల్ల ఎలుక మన పొలం ఎలుక కాదు. అది నార్వే ఎలుక అనే వేరే జాతి నుంచి వచ్చింది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని విస్టార్ సంస్థలో 1906 నుంచి పెంచుకుంటూ వచ్చిన వంశమే విస్టార్ ఎలుకలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పెంచే ఎలుకలు కూడా ఆ వంశం కొమ్మే. వందేళ్లకు పైగా బోనుల్లోనే పుట్టి, బోనుల్లోనే పోయిన ఈ ఎలుకకు కలుగు గుర్తుంటుందా? ఆక్స్‌ఫర్డ్‌లో మాన్యుయెల్ బెర్డోయ్ అనే శాస్త్రవేత్త 75 ల్యాబు ఎలుకలను పెద్ద ఆవరణలో మట్టి మీద వదిలి సినిమా తీశాడు. బోను తప్ప మరొకటి ఎరగని ఆ ఎలుకలు నీళ్లు వెతుక్కున్నాయి, దారులు ఏర్పరచుకున్నాయి, కలుగులు తవ్వుకున్నాయి. అడవి దాన్ని మరిచిపోయిందేమో గానీ అది అడవిని మరవలేదు. మన ఊరు వదిలి ఎన్ని తరాలైనా మనకు మిగిలేవి ఏవో ఉంటాయని మేము పిల్లలకు చెప్పేటప్పుడు ఈ ఎలుకలు గుర్తొస్తాయి.

ఇక మనిషి దానికి కట్టే ఇల్లు. దీనికి చాలా పెద్ద శాస్త్రమే ఉంది. బోను అడుగు తీగల జల్లెడలా ఉండకూడదు, గట్టిగా ఉండాలి. తీగల మీద నెలల తరబడి నిలబడితే పాదాలకు పుండ్లు పడతాయి. అడుగున పరిచే ఊక గానీ, మొక్కజొన్న బెండ్ల పొట్టు గానీ, రంపపు పొట్టు గానీ దుమ్ము లేకుండా, వేడిలో శుద్ధి చేసినదై ఉండాలి. దేవదారు లాంటి ఘాటైన వాసన చెక్కల పొట్టు పనికిరాదు. ఆ ఆవిరి ఎలుక కాలేయం పనిని మార్చేస్తుంది. మూత్రం నుంచి వచ్చే అమోనియా ఘాటు ముక్కునూ ఊపిరితిత్తులనూ తినేస్తుంది కాబట్టి గదిలో గాలి గంటకు 10 నుంచి 15 సార్లు మారాలి. గది వేడి 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలంటారు. నిజానికి ఎలుక ఒంటికి హాయిగా ఉండే వేడి అంతకన్నా ఎక్కువ. ఆ తేడా పూడ్చుకోవడానికే దానికి కాగితం పేలికలో మరొకటో ఇవ్వాలి, గూడు కట్టుకుంటుంది.

వెలుతురు 12 గంటలు, చీకటి 12 గంటలు. తెల్ల ఎలుక కంట్లో రంగు ఉండదు కాబట్టి ఎక్కువ వెలుగు దాని చూపును పాడుచేస్తుంది. రోజుల తరబడి దీపం ఆర్పకుండా ఉంచితే ఆడ ఎలుకల రుతుక్రమమే చెడిపోతుంది, చూలు నిలవదు. మనకు వినిపించని సన్నటి శబ్దాలు ఎలుకకు వినిపిస్తాయి. కీచుమనే ట్రాలీ చక్రం, కారే కుళాయి మనకు చిన్న చికాకు. దానికి అది రాత్రంతా మోత.

పెంపకపు బోనులో ఒక మగదానితో ఒకటి రెండు ఆడవి ఉంటాయి. చూలు 21 నుంచి 23 రోజులు. ఈనిన రోజే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. అందుకే తెలిసినవాళ్లు ఈనక ముందే మగదాన్ని వేరుచేస్తారు. లేకపోతే ఒక ఈత పిల్లలకు పాలిస్తూనే ఇంకో ఈతను కడుపులో మోయాలి. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు తెరవకుండా, ఎర్రగా మాంసపు ముద్దల్లా పుడతాయి. మొదటి కొన్ని రోజులు గూటి జోలికి పోకూడదు. వాసన మారితే, గూడు చెదిరితే బెదిరిన తల్లి పిల్లలను చంపుకోవచ్చు కూడా. మూడు వారాలకు పాలు మాన్పిస్తారు.

మరి చోటు? అమెరికా జాతీయ పరిశోధన మండలి 2011లో వేసిన గైడ్ ప్రకారం పిల్లలతో ఉన్న తల్లి ఎలుకకు 800 చదరపు సెంటీమీటర్లు. మన ఏ4 కాగితం దాదాపు 624 చదరపు సెంటీమీటర్లు. అంటే కాగితమూ ఇంకో పావు కాగితమూ, అంతలోనే తల్లి, ఈత పిల్లలన్నీ. బోను ఎత్తు 17.8 సెంటీమీటర్లు. మన దేశపు మార్గదర్శకాలలోనూ ఇలాంటి పట్టిక ఉంది. తరగతిలో స్కేలు పెట్టి ఈ ఎత్తు గీసి చూపించండి. పెద్ద ఎలుక వెనక కాళ్ల మీద నిలబడితే అంతకన్నా పొడుగు. అంటే రూలు ప్రకారం నడిచే బోనులో కూడా ఎలుక బతుకంతా ఒక్కసారైనా నిటారుగా నిలబడకపోవచ్చు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఈ సంగతే గమనించారు. మామూలు బోనుల్లో ఉన్న ఎలుకలు పదేపదే ఒళ్లు విరుచుకుంటున్నాయి. తవ్వడానికి, ఎక్కడానికి, నిలబడటానికి వీలున్న చోట ఉన్నవి అలా చేయడం బాగా తక్కువ.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. ఈ నియమాలన్నీ ఎందుకు పుట్టాయి? చాలా వరకు ప్రయోగం చెడిపోకుండా ఉండటానికి. భయపడిన ఎలుక రక్తం వేరుగా ఉంటుంది, దగ్గుతున్న ఎలుక మీద మందు పరీక్షిస్తే ఫలితం తప్పుతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉంచుతారు. ఎలుకకు ఈ కారణంతో పని లేదు. మెత్తటి గూడు ఎవరు ఏ ఉద్దేశంతో ఇచ్చినా మెత్తగానే ఉంటుంది. కాబట్టి ఉద్దేశం మంచిది కాదని ఆ గూటిని తీసిపారేయనక్కర్లేదు. ఉద్దేశం ఏమిటో బయటపడేది ఎలుక సుఖమూ ప్రయోగం అవసరమూ వేరుపడిన చోట. 17.8 సెంటీమీటర్ల దగ్గర వేరుపడ్డాయి. ఎత్తు పెంచితే ఒక రాక్‌లో పట్టే బోన్లు తగ్గుతాయి, ఖర్చు పెరుగుతుంది. ఇంకో చోట మరీ గట్టిగా వేరుపడతాయి. ప్రయోగానికి మగవే కావాలంటే ఆడవి మిగిలిపోతాయి, ఫలానా బరువువే కావాలంటే దాటిపోయినవి మిగిలిపోతాయి. మిగిలిన వాటిని ఏం చేస్తారో పెంపకపు గదిలో పనిచేసిన వాళ్లకు తెలుసు. అవి ఏ మందుకూ పనికిరాలేదు, ఎవరి ప్రాణమూ కాపాడలేదు. పుట్టాయి, పోయాయి.

ఇప్పుడు మన వైపు కథ. కృష్ణా, గుంటూరు, నెల్లూరు పొలాల్లో ఎలుకలు పట్టేది యానాదులు. అడుగున చిల్లు పెట్టిన కుండలో గడ్డి పేర్చి నిప్పంటించి, కుండ మూతిని కలుగు నోటికి ఆనించి ఊదుతారు. ఉక్కిరిబిక్కిరైన ఎలుకను పట్టుకుంటారు, కలుగు తవ్వి అది దాచిన వరి వెన్నులు తెచ్చుకుంటారు. కొన్ని ఇళ్లలో ఆ రోజు కూర అదే. కోతల తర్వాత పొలం ఎలుకను కాల్చుకుని తినడం మా గోదావరి ఊళ్లలో కూడా కొత్త సంగతి కాదు. రైతుకు పంట దక్కుతుంది, ఆ పని చేసినవాడికి మాత్రం ఎలుకలు తినేవాడనే పేరు దక్కుతుంది. హాస్టళ్లలో ఈ మాట పడి ఏడ్చిన పిల్లలను మనలో ప్రతి టీచరూ చూసే ఉంటారు. ఇంట్లో జిగురు అట్ట పెట్టి, దానికంటుకున్న ఎలుకను రెండు రోజులు అలా వదిలేసే పట్నం మర్యాద గురించి ఎవరూ ఏమీ అనరు.

చట్టం కూడా ఎలుకను ఒకే చూపుతో చూడలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా సరే. ఆ చట్టం కింద ఏర్పడిన కమిటీ, 1998లో వచ్చిన నియమాలు ల్యాబు ఎలుకకూ వర్తిస్తాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టం మాత్రం ఎలుకలను, చుంచులను కాకులతో పాటు హాని చేసే వాటి జాబితాలో చేర్చింది. యాభై ఏళ్ల తర్వాత 2022 సవరణలో గానీ ఆ జాబితా పోలేదు. అమెరికాలో దీనికి తలకిందులు. అక్కడి జంతు సంక్షేమ చట్టం 2002 నుంచి ప్రయోగాల కోసం పెంచిన ఎలుకలను, చుంచులను జంతువు అనే మాటలోంచే తీసేసింది. అదే ప్రాణి, గీత ఎటు పక్కనుందో దాన్ని బట్టి దాని విలువ.

పొగ పెట్టి పట్టేవాడు, ఏసీ గదిలో పెంచేవాడు, వీళ్లిద్దరిలో ఎవరు మంచివాళ్లు అని అడిగితే చాలామంది రెండోవాడి వైపు చూస్తారు. తెల్లకోటు, శుభ్రమైన గది, కొలిచి పెట్టిన తిండి. మేము అలా అనుకోవడం లేదు. పొగ హింసే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఆ ఎలుక తన కలుగు తాను తవ్వుకుంది, తన జత తాను వెతుక్కుంది, పారిపోయే దారి ఒకటి అట్టేపెట్టుకుంది, చాలాసార్లు పారిపోయింది కూడా. వేటగాడు దాని చావుకు మాత్రమే కారణం. పెంచేవాడు దాని పుట్టుకకూ కారణం. ఎప్పుడు పుట్టాలి, ఎవరి కడుపున, ఎంత చోటులో, ఎంత వెలుగులో, ఏ రోజు దాకా అన్నీ అతనే రాశాడు. ఒక ప్రాణి బతుకులో ఏదీ దాని చేతిలో లేకుండా చేసినప్పుడు, ఆ బతుకులో ప్రతి దానికీ జవాబు చెప్పవలసింది చేసినవాడే. విత్తనాల పండుగప్పుడు మా పెద్దలు వేటకు పోయేవాళ్లు. దొరికిన జంతువుకు వాళ్లు ఇల్లు బాకీ లేరు. జంతువు పుట్టుక వాళ్ల పని కాదు. పెంచేవాడు మాత్రం బాకీ.

తార్నాక సంస్థలో 1996లో పుట్టుకతోనే విపరీతంగా లావెక్కే ఎలుకలు కొన్ని బయటపడ్డాయి. శాస్త్రవేత్తలు వాటిని వంశంగా నిలబెట్టారు. ఊబకాయం, షుగరు లాంటి మనిషి జబ్బులను అర్థం చేసుకోవడానికి అవి చాలా పనికొచ్చాయి. ఆ లావు ఎలుకలకు పిల్లలు పుట్టవు. కాబట్టి పైకి మామూలుగా కనిపిస్తూ ఆ లోపాన్ని మోసే తల్లిదండ్రులను జతకట్టి కావాలని పుట్టిస్తారు. ఇలాంటి ఎలుకకు ఎంత మంచి బోను కట్టినా దాని జబ్బు దాని ఒంట్లోనే ఉంది, అక్కడ పెట్టి ఉంచింది మనం. బాకీ అన్న మాట మాకు ఇలాంటి చోట్లే చిన్నదిగా కనిపిస్తుంది.

అయితే మానేయమంటారా అని అడగవచ్చు. మా బడి పిల్లలందరి చేతులకూ టీకా మచ్చలున్నాయి. కోవాగ్జిన్ కూడా మనుషుల దాకా రాకముందు చుంచులు, ఎలుకలు, కుందేళ్ల మీద పరీక్షకు పోయింది. ఆ సూది వేయించుకుని, ఎలుకలను ముట్టకండి అని ఉపన్యాసం ఇవ్వడం మాకు చేతకాదు. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు చెప్పిన మూడు మాటలు ఇప్పటికీ దారి చూపిస్తాయి. వీలైతే జంతువు బదులు వేరే పద్ధతి వాడు, వాడక తప్పకపోతే సంఖ్య తగ్గించు, ఆ తగ్గించిన వాటికైనా బాధ తగ్గించు. బోను గురించిన మాటలన్నీ మూడోదానిలోకే వస్తాయి. మూడోది బాగా చేస్తున్నాం కదా అని మొదటి రెండూ మరిచిపోవడం తేలిక. మన దేశంలో 2023లో కొత్త మందుల నియమాలను సవరించి, మనిషి కణాలతో చేసే పరీక్షల లాంటి వాటికి దారి తెరిచారు. సైన్సు చదివే మన పిల్లలకు పని ఉన్నది ఆ వైపు.

జంతువుల గదిలో పనిచేసే పాత విద్యార్థి ఒకడు బడికి వచ్చి ఈ గాలి మార్పులు, దీపాల లెక్కలు చెప్పినప్పుడు పిల్లలు ఒకటే మాట అన్నారు. "సార్, మేలో ఎలుకకు ఏసీ, మాకు రేకుల కింద ఫ్యాను కూడా తిరగదు." నవ్వారు గానీ అది నవ్వే మాట కాదు. ఒక బోనుకు ఒక కొలత రాసి, దాన్ని చూడటానికి ఒక కమిటీ వేసి, తేడా వస్తే అనుమతి రద్దు చేయవచ్చునని పెట్టిన దేశం ఇది. పక్కనే కూలీల షెడ్డులో ఒక మనిషికి ఎన్ని అడుగులో చూసేవాడు కనబడడు. అయితే కోపం ఎలుక మీదకు పోతే లాభం లేదు. ఎలుక ఏసీ తీసేస్తే మన ఫ్యాను తిరగదు. ఎలుకకు ఆ కొలత ఎలా సాధ్యమైందో నేర్చుకోవడం మేలు. ఎవరో కొలిచారు, కాగితం మీద పెట్టారు, తనిఖీ పెట్టారు.

అనుమతి అనే మాట వచ్చింది కాబట్టి భద్రాచలం గుర్తు చేయక తప్పదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి అధ్యయనం చేశారు. అందులో చాలామంది ఆశ్రమ హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయాక, 2010 ఏప్రిల్‌లో అది ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకా మంచిదే, ఇవాళ ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. మన ప్రశ్న టీకా గురించి కాదు, సంతకం గురించి. చూసిన 9,543 అంగీకార పత్రాలలో 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, 1,948 పత్రాల మీద వేలిముద్రలు. తల్లిదండ్రులు అడవిలో ఉన్నారు, పిల్లలు గోడల మధ్య ఉన్నారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

పిల్లనూ ఎలుకనూ ఒక తూకంలో పెట్టడం మా ఉద్దేశం కాదు. పిల్ల మాట్లాడగలదు, ఆ పిల్లకు అమ్మా నాన్నా ఉన్నారు, వద్దనే హక్కు ఉంది. అందుకే ఆ హక్కును వార్డెన్ సంతకంతో దాటేయడం అంత పెద్ద తప్పు అయింది. కలిసేది ఒక్క చోట. ఒకరిని వాళ్ల కలుగు నుంచి తెచ్చి నీ గోడల మధ్య పెట్టుకున్నాక, అన్నం పెడుతున్నాం, మంచం ఇచ్చాం అన్నది జవాబు కాదు. హాస్టల్ నడిపే మనం, వార్డెన్ డ్యూటీ పడే మనం ఇది ముందు మనకే చెప్పుకోవాలి.

ఎలుక ఇల్లు ఆరోగ్యంగా ఉండటం అంటే అందులో పనిచేసే మనిషి కూడా ఆరోగ్యంగా ఉండటం. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఎలుక మూత్రంలో ఉండే ప్రొటీన్లు ఊక దుమ్ముతో కలిసి గాలిలో లేస్తాయి. రోజూ బోన్లు దులిపే వాళ్లలో కొందరికి ముక్కు కారడం, కళ్లు దురద, చివరికి ఉబ్బసం వస్తాయి. మాస్కు, చేతి తొడుగులు, గాలిని లాగే బల్ల, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష ఇవి అడిగి తీసుకోవలసినవి. పనికి పోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మొదటి వారంలోనే అడగండి. ఇంకొకటి. గూడు చెదిరిందా, తల్లి తిండి మానిందా అని ముందుగా కనిపెట్టేది పెద్ద డాక్టరు కాదు, బోను మార్చే మీరే. మీరు చూసింది రిజిస్టరులో రాయించండి.

ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలో ఒక జంతు నైతిక కమిటీ ఉండాలని నియమం. అందులో శాస్త్రవేత్తలు, పశువైద్యుడు, ప్రభుత్వ కమిటీ పంపిన మనిషి ఉంటారు. శాస్త్రవేత్త కానివారు, సమాజం తెలిసినవారు ఒకరు కూడా ఉండాలి. ఆ ఒక్క కుర్చీ గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ జంతు చట్టాల కోసం ఒక కేంద్రమే ఉంది. లా చదివిన మన అమ్మాయో, రిటైరైన మన టీచరో ఆ కుర్చీలో కూర్చోవడానికి అడ్డేమీ లేదు. కూర్చున్న రోజు బోను పొడవు వెడల్పులు అడగండి, ఎత్తు కూడా అడగండి. దానికన్నా ముందు ఈ ఏడాది ఎన్ని పుట్టాయి, వాటిలో ఏ ప్రయోగానికీ పోకుండా ఎన్ని పోయాయి అని అడగండి. పెంపకపు గదిలో పుట్టుకలకు రిజిస్టరు ఉంటుంది. ఆ రెండు అంకెలూ అందులో చూపించమనండి.